స్థితి: పోయాడు, కారణం: చలి

సోమవారం

అతిథి జాతుల నమోదు కార్యాలయం, మూడో బల్ల గుమాస్తా గారికి,

కుట్టుకొట్టు యజమానురాలు నమస్కరించి రాసేది. ఇక్కడ నేను క్షేమం, నా మూడు మిషన్లూ క్షేమం. మీరూ మీ బల్లా క్షేమమని తలుస్తాను.

మా మేడ గదిలో అద్దెకున్న పైవాడి గురించి పది రోజులకొకసారి పంపమన్న ఫారం ఇందులో పెట్టాను. మీరు వాళ్ళను అతిథి జాతి అంటారు. ఆకాశంలోంచి దిగారు కాబట్టి మా వీధిలో పైవాళ్ళు అంటాం. మావాడు మేడ మీద కూడా ఉంటాడు కనక రెండు విధాలా పైవాడే.

ఎనిమిదేళ్ళ కిందట వాళ్ళ ఓడలు దిగిన రోజున వీధి వీధంతా తలుపులు బిగించుకున్నాం. తీరా చూస్తే ఏముంది, మనలాగే రెండు కళ్ళు, ఒక ముక్కు, ఎండలో నడిస్తే చెమట. తేడా అల్లా చిటికెన వేలి పక్కన సన్నంగా ఆరో వేలు. ఆ వేలు అడ్డం పెట్టి మావాడు కాజాలు కుడితే చూడాలి నాయనా! ముప్పై ఏళ్ళుగా కుడుతున్నదాన్ని, నాకే కుళ్ళు పుడుతుంది. నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. ఇక అసలు సంగతి. పోయిన మంగళవారం మావాడు పోయాడు.

(రెండో పేజీ చూడండి.) వాళ్ళకు చలి పడదు, ఒంట్లో రక్తం చిక్కబడుతుందట. మేడ గదిలో పొయ్యి పాడయింది. సముద్రం ఒడ్డున ఉప్పు బట్టీల్లో రెండు వారాల పని ఉందని విని, వెచ్చగా ఉంటుంది కదా అని పోయాడు. గుమ్మంలో నిలబడి "అక్కా, పోతున్నాను" అన్నాడు. "అలా అనకూడదురా, వెళ్ళొస్తాను అనాలి" అని కసిరాను. "వెళ్ళడం ఖాయం అక్కా. రావడం ఖాయం కాదు కదా, ఎలా అనను?" అన్నాడు. అబద్ధం వీళ్ళ నోటికి రాదు. మర్యాదకు అనే మాట కూడా రాదు. నా కొత్త కళ్ళజోడు ఎలా ఉందిరా అని ముచ్చటపడి అడిగితే, "గుడ్లగూబలా ఉన్నావక్కా" అన్నాడు.

ఇదంతా మీ ఫారంలో రాద్దామంటే గడి రెండు వేళ్ళంత లేదు. అందుకని ‘స్థితి’ అన్నచోట పోయాడు అనీ, ‘కారణం’ అన్నచోట చలి అనీ రాసి ఊరుకున్నాను.

ఇట్లు,
కుట్టుకొట్టు అక్కయ్య

తా.క.: ఉన్న ఆ కాస్త గడిలోనూ కుడివైపు చివరకు జరిపి రాశాను. మాటకు ముందు వేలెడు చోటు ఉత్తినే మిగిలింది. కళ్ళజోడు గుడ్లగూబదే గాని చూపు గుడ్లగూబది కాదు మరి.

~

గురువారం

అమ్మా,

విషయం: మీ మేడ గది అతిథి మరణం.

మీ ఫారం అందింది. మీ అతిథి చలి కారణంగా మరణించినందుకు ఈ కార్యాలయం తీవ్ర సంతాపం తెలుపుతోంది. మరణం నమోదు చేసి ముద్ర వేశాను. నకలు ముఖ్య కార్యాలయానికి పంపాను. ఫారంతో మీరు ఒక ఉత్తరం కూడా జత చేశారు. ఫారం నిండుగా ఉంటే ఉత్తరం చదవనక్కరలేదని నిబంధన.

అతిథి జాతి దేహం ఇంటివారిది కాదు, పరిశీలన భవనానిది. ముప్పై రోజుల్లో అప్పగించాలి. వచ్చే నెల మొదటి గురువారం ముఖ్య కార్యాలయం బండి ముందుగా మా గేటు దగ్గర ఆగి, కాగితం తీసుకుని, అక్కణ్ణుంచి మీ వీధికి వస్తుంది. దేహాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టి, మెట్లు దింపి ఉంచగలరు. దేహం లేకుండా బండి తిరిగి వెళ్ళడానికి నిబంధనల్లో వీలు లేదు. దేహం దాచినవారికి ఏడేళ్ళు జైలు.

మీ దుఃఖంలో పాలుపంచుకుంటూ,
మూడో బల్ల

తా.క.: నిబంధన కాకపోయినా మీ ఉత్తరంలో మొదటి పేజీ చదివాను. ‘పోయిన మంగళవారం’ అని రాశారు. మంగళవారానికి ఏమైంది?

ఇంకో తా.క.: మీది కుట్టుకొట్టు అని తెలిసింది. నా కోటుకు గుండీలు ఊడిపోయాయి. ఇలాంటి సమయంలో అడగవచ్చో లేదో తెలియదు. ఇక్కడ నాకు చెప్పేవారు లేరు.

~

శనివారం

మూడో బల్ల బాబుకు,

క్షేమం అని మొదలుపెట్టే ఓపిక లేదు. మీ చేతులు పడిపోనూ, ఎంత పని చేశారు!

పోయాడంటే పోయాడని కాదు నాయనా, పోయాడని! ఊరు వెళ్ళాడు. రెండో పేజీలో ఉప్పు బట్టీలని అంత వివరంగా రాశానే! ఒక్క కాగితం తిప్పితే మీ సొమ్మేం పోయింది?

బుధవారం మావాడు తిరిగొచ్చాడు. ఎండకు నల్లబడి, జుట్టంతా ఉప్పు పేరుకుని, నవ్వుకుంటూ వచ్చాడు. బల్ల మీద మీ సంతాపం ఉంది. నేను లోపల పొయ్యి వెలిగిస్తున్నాను. వాడికి చదవడం నేర్పింది నేనే, నా ఖర్మ. నిలబడే చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. ముద్రను వేలితో తడిమి, "అక్కా, నేను పోయానట" అన్నాడు.

"ఎవడో తిక్క గుమాస్తా రాశాడులేరా, రొట్టె తిను" అన్నాను. తినలేదు. తన పళ్ళెం కడిగి, తుడిచి, అలమరలో బోర్లించాడు. మిషను మీద సగంలో ఉన్న చొక్కాకు ఆఖరి కాజా పూర్తి చేసి దారం తెంపాడు. మేడ ఎక్కి పడుకున్నాడు. ఇవాళ్టికి మూడు రోజులు. తినడు, లేవడు, మాట్లాడడు.

వీళ్ళ సంగతి మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. వాళ్ళ లోకంలో కాగితం లేదట. పెద్దవాళ్ళు మాటను రాతి మీద చెక్కుతారట. చెక్కిందే నిజం. ఒకవేళ తప్పు చెక్కితే దాన్ని చెరపరు, ఎవరో ఒకరు నిజం చేయాలి. ఎవరి గురించి చెక్కారో వాడు చేయాలి, లేకపోతే చెక్కినవాడు చేయాలి. ఇదంతా ఒకసారి గుండీలు కుడుతూ చెప్పాడు. భలే లోకంరా మీదని నవ్వాను. ఇప్పుడు వాడు మేడ మీద పడుకుని మీ రాతను నిజం చేస్తున్నాడు. అర్థమైందా?

ఒక్క వాక్యం రాయండి బాబూ. ‘బతికే ఉన్నాడు’ అని రాసి ముద్ర కొట్టండి. అంతే. మీ కాళ్ళు పట్టుకుంటాను.

ఇట్లు,
కుట్టుకొట్టు అక్కయ్య

తా.క.: మంగళవారానికి ఏమీ కాలేదు. నిక్షేపంలా ఉంది. మళ్ళీ మూడు రోజుల్లో వస్తుంది.

ఇంకో తా.క.: కోటు పంపండి. మా ఆయన పోయి పదకొండేళ్ళయింది, అప్పట్నుంచి మగవాళ్ళ కోట్లు ముట్టుకోవడం తగ్గించాను. మీది మాత్రం కుడతాను. మీ కోటు నా దగ్గరుంటే మీరు నా మాట వింటారు.

~

బుధవారం

అమ్మా,

విషయం: మరణం దిద్దుబాటుకు మీ విన్నపం.

మీ ఉత్తరం రెండు వైపులా చదివాను. ‘పోయాడంటే పోయాడని కాదు, పోయాడని’ అన్న వాక్యాన్ని అర్థం కోసం రెండో బల్లకు, నాలుగో బల్లకు చూపించాను. ఇద్దరూ నవ్వారు. ఎందుకో చెప్పలేదు.

మీ అతిథి తినడు, లేవడు, మాట్లాడడు అని మీరే తెలియజేశారు. ఇది మా నమోదుకు సరిపోతోంది. దిద్దుబాటు కావాలంటే సంబంధిత వ్యక్తి స్వయంగా వచ్చి సంతకం చేయాలి. సంబంధిత వ్యక్తి మరణించినట్టు నమోదైంది. మరణించినవారి సంతకం చెల్లదు. ఫారంలో కొట్టివేతలు, చెరిపివేతలు ఉంటే ఆ ఫారమే చెల్లదు. ఒకసారి రాసినదాన్ని మా పైవాళ్ళు ఎన్నటికీ కొట్టివేయరు.

‘బతికే ఉన్నాడు’ అని నన్ను రాయమన్నారు. నేను చూడలేదు. చూడనిది రాయడం నా చేత కాదు. ఇది నిబంధన కాదు, నా సంగతి.

మరొక విషయం. మీరు చెప్పిన ప్రకారం పోయాడంటే వెళ్ళాడని అర్థం. మీ భర్త గారు పోయి పదకొండేళ్ళయిందని రాశారు. ఆయన ఎక్కడికి వెళ్ళారు? ఎప్పుడు తిరిగి వస్తారు? వచ్చిన వెంటనే తెలియజేయగలరు.

విధేయుడు,
మూడో బల్ల

తా.క.: కోటు బంట్రోతు చేత పంపుతున్నాను. జేబులో చేతితొడుగులు ఉన్నాయి, వాటికి పని లేదు. మీరు రాసిన రాళ్ళ సంగతి నేను మూడుసార్లు చదివాను.

~

శుక్రవారం

మూడో బల్ల బాబుకు,

మా ఆయన రారు నాయనా. పదకొండేళ్ళ కిందట చేతిలో కత్తెర ఉండగానే బట్ట మీదకు ఒరిగిపోయారు. ఆ కత్తెరతోనే ఇప్పటికీ కోస్తున్నాను. మీ ఉత్తరం చదివి ముందు మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టాను. తరవాత ‘ఎప్పుడు తిరిగి వస్తారు’ అన్న ముక్క ఇంకోసారి చదువుకున్నాను. ఇన్నేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. మీ కోటు మీద కూడా కాస్త తడి పడింది, ఆరేశాను.

మీరు ఏ బడిలో చదువుకున్నారు బాబూ? పోవడం అనే మాట మనకు ఉప్పులాంటిది, అన్నిట్లోనూ పడుతుంది. అలిసిపోతాం. తడిసిపోతాం. సిగ్గుతో చచ్చిపోతాం, చచ్చిపోయి మళ్ళీ ఇంటికెళ్ళి తిని నిద్రపోతాం. దారం తెగిపోతుంది, పొయ్యి ఆరిపోతుంది. మీ గుండీలు ‘ఊడిపోయాయి’ అని మీరే రాశారు కదా, మరి వాటికి సంతాపం పంపారా? ఇన్ని పోయినా మనిషి ఉంటాడు. ఇదేమీ పెద్ద చదువు కాదు, పసిపిల్లలకు తెలుసు.

మావాడు పడుకుని తొమ్మిది రోజులు. మొదట్లో నేను ఒక గుండీ కుట్టేలోపు నాలుగుసార్లు ఊపిరి తీసేవాడు. ఇప్పుడు ఒక కాజా మొత్తం కుడితే ఒక్కసారి తీస్తున్నాడు. మిషను మేడ మీదకు ఎక్కించుకుని వాడి పక్కనే కుడుతున్నాను. చేతులు చల్లబడ్డాయి. వేడినీళ్ళ సీసాలు పెడితే తీసి నాకే ఇస్తున్నాడు. "పోయినవాడికి ఎందుకక్కా, నువ్వు పెట్టుకో" అంటాడు. నిన్న నేనే ఒక తెల్ల కాగితం మీద ‘తమ్ముడు బతికే ఉన్నాడు’ అని ఇంత లావు అక్షరాలతో రాసి మొహం ముందు పెట్టాను. ఒక కన్ను తెరిచి చూశాడు. "ముద్ర లేదక్కా" అన్నాడు. మూసుకున్నాడు.

మీరు ఇక లేడని రాశారు, వాడు ఇక లేవనంటున్నాడు. మధ్యలో నేనొక్కదాన్ని. నాకు పిల్లల్లేరు. వాడు వచ్చాక ఈ ఇంట్లో రెండో పళ్ళెం వచ్చింది. అది బోర్లించి ఉంటే వంటింట్లోకి వెళ్ళలేకపోతున్నాను. కాస్త దయ చూడండి.

ఇట్లు,
కుట్టుకొట్టు అక్కయ్య

తా.క.: మా పైవాళ్ళు కొట్టివేయరు అని గొప్పగా రాశారు. మీ పైవాళ్ళు పాడుగాను. వాళ్ళూ ఇలా మంచం ఎక్కితే తెలుస్తుంది.

ఇంకో తా.క.: గుండీలు కుట్టాను. వద్దన్నారు గాని చేతితొడుగులు కూడా చూశాను. రెండిటికీ చిటికెన వేలి పక్కన కుట్లు విప్పి ఉన్నాయి, ఒకేచోట! ఎలకలకు కూడా ఇంత కొలత తెలుస్తుందా? గట్టిగా మూసి కుట్టేశాను. చలిగాలి దూరమన్నా దూరదు.

~

మంగళవారం

అమ్మా,

విషయం: మీ భర్త గారు, మీ అతిథి, పోవడం అనే మాట.

మీ భర్త గారి గురించి అలా అడిగినందుకు క్షమించండి. మీ ఉత్తరం తరవాత రోజంతా ఆ మాటను చూస్తూ కూర్చున్నాను. ఈ కార్యాలయంలో ఎనభై రిజిస్టర్లు ఉన్నాయి. వాటిలో పోయాడు అన్న ప్రతివాడూ మరణించాడు. ఒక్కడైనా ఊరు వెళ్ళలేదు.

ఈ ప్రశ్నలకు జవాబు వెంటనే పంపండి. మీ అతిథి గోడ వైపు తిరిగి పడుకున్నాడా, కిటికీ వైపు తిరిగాడా? గోడ వైపు అయితే మొత్తం ఇరవై రోజులు. కిటికీ వైపు అయితే ఇంకొంచెం ఎక్కువ. గోళ్ళు తెల్లబడ్డాయా? ఆరో వేలిని అరచేతిలోకి ముడుచుకున్నాడా? ముడుచుకుంటే మీరు ఇక నా జవాబు కోసం ఆగవద్దు.

నిబంధనలు మొత్తం మళ్ళీ చదివాను. కొట్టివేతలు చెల్లవు. చెరిపివేతలు చెల్లవు. మాట మీద మాట రాస్తే చెల్లదు. అయితే గడిలో మాటకు ముందు ఖాళీ ఉంటే ఆ ఖాళీ గురించి నిబంధనలు ఏమీ అనలేదు. మీ ఫారంలో మాటకు ముందు వేలెడు ఖాళీ ఉంది. సరిచూసుకోవడానికి అసలు ఫారాన్ని మీకు పంపుతున్నాను. అందులో నేను ఏమీ రాయలేను. మీరు ఆయన్ను చూస్తున్నారు, మీరు రాయగలరు. మీ పోయిన ఉత్తరంలో (మంగళవారంలాగే ఇది కూడా నిక్షేపంలా ఉంది) తడిసిపోతాం, చచ్చిపోతాం అన్న తరవాత మీరు రాసిన మాట ఒకటి ఉంది. అది మళ్ళీ చూసుకోండి.

విధేయుడు,
మూడో బల్ల

తా.క.: కోటు మళ్ళీ పంపుతున్నాను. ఎడమ జేబు కుట్టు సరిగా ఉందో లేదో చేయి పెట్టి చూడండి. లోపల బరువుగా, గుండ్రంగా ఏదైనా తగిలితే అది నేను మరిచిపోయినది కాదు.

ఇంకో తా.క.: చేతితొడుగులు ఇప్పుడు చాలా బిగుతుగా ఉన్నాయి. ఇది ఫిర్యాదు కాదు.

~

గురువారం

నా బంగారు మూడో బల్లకు,

అక్కయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. తమ్ముడు క్షేమం. ఈ ముక్క రాయడానికి ఎన్ని రోజులు పట్టింది నాయనా!

మీ ప్రశ్నలు చదివి పరుగున మేడ ఎక్కి చూశాను. గోడ వైపే తిరిగి ఉన్నాడు. పదిహేను రోజులు. గోళ్ళు సుద్దముక్కల్లా ఉన్నాయి. ఆరో వేలు ముడుచుకునే ఉంది. ఒక కాలరు పూర్తిగా కుట్టి ఇస్త్రీ చేసేలోపు ఒక్క ఊపిరి. జేబులో చేయి పెట్టాను. చల్లగా, గుండ్రంగా, ఇత్తడి ముద్ర! అప్పుడు ఫారం చూశాను, నా ఉత్తరం గుర్తు చేసుకున్నాను, కళ్ళజోడు తుడుచుకున్నాను. ఖాళీలో ‘నిద్ర’ అని రాశాను.

స్థితి: నిద్రపోయాడు. కారణం: చలి. ఎంత కుదిరింది! అతుకు వేసినట్టు కూడా తెలియలేదు. పక్కనే ముద్ర కొట్టాను. తొందరలో ఒకటి వంకరగా పడింది, ఇంకోటి కొట్టాను.

వాడి భుజం పట్టి ఇటు తిప్పి మొహం ముందు పెట్టాను. చాలాసేపు కన్ను తెరవలేదు. తెరిచాక అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. ముద్రను తడిమాడు. రెండో ముద్రను కూడా తడిమాడు. "నిద్రా?" అన్నాడు. "అవునురా మొద్దూ, పదిహేను రోజులు. సిగ్గు లేదూ!" అన్నాను. "అయ్యో, చొక్కాలు చాలా మిగిలిపోయి ఉంటాయి అక్కా" అని లేవబోయి పడ్డాడు. గోరువెచ్చటి పాలు చెంచాతో పట్టాను. ఇవాళ సాయంత్రం గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చి, అలమరలో పళ్ళెం తీసి తిప్పి పెట్టుకున్నాడు. నేను వంటింట్లోనే కూలబడి భోరుమన్నాను. "నిద్ర లేస్తే ఏడుస్తారా మీవాళ్ళు?" అని అడిగాడు.

తరవాత ఫారం మళ్ళీ తీసుకుని, "ఇది ఎవరు చెక్కారు అక్కా?" అన్నాడు. ఒక ముక్క ఆఫీసాయనది, ఒక ముక్క నాది అన్నాను. "నీ ముక్క నేను నిజం చేశాను. ఆయన ముక్క ఆయనే నిజం చేసుకోవాలి" అన్నాడు. ఆకలి మీద ఏదో మాట్లాడుతున్నాడని ఇంకో రొట్టె పెట్టాను.

ఫారం, ముద్ర, కోటు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. వచ్చే గురువారం బండి రాదు కదా? ఆ ఒక్క మాట రాసేయండి, నిశ్చింతగా ఉంటాను. ఆదివారం మా ఇంటికి రండి. మూడో పళ్ళెం కొన్నాను.

ఇట్లు,
మీ అక్కయ్య

తా.క.: ఉత్తరం చివర విధేయుడు, విధేయుడు అని ముగిస్తారు. అది వదిలేసి మనుషుల్లా ‘వెళ్ళొస్తాను’ అని రాయండి. తమ్ముడికైతే చెప్పి చెప్పి విసిగిపోయాను.

ఇంకో తా.క.: చేతితొడుగులు ఎలా ఉన్నాయి? బిగుతయితే వదులు చేస్తాను. కుదరకపోతే మీ చేయి కొలత పంపండి, కొత్తవి కుట్టేస్తాను.

~

బుధవారం

అక్కయ్యా,

చేయి కొలత పంపుతున్నాను. కాగితం మీద చేయి పెట్టి చుట్టూ గీశాను. దయచేసి రెండుసార్లు లెక్కపెట్టండి. మీ కళ్ళజోడు తప్పేమీ లేదు.

ఎలకలు కాదు, నేనే విప్పుకున్నాను. మీరు కుట్టేశాక కత్తిరించడానికి ఒక పూట పట్టింది. మీ కుట్టు అంత గట్టిది. నేను ఎవరినీ మోసం చేయలేదు. ఉద్యోగం దరఖాస్తులో పదిహేడు గడులు ఉన్నాయి. ఎక్కడ పుట్టారు, ఎన్ని వేళ్ళు అన్న గడులు లేవు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. ఎనిమిదేళ్ళలో ఎవరూ అడగలేదు. ‘మా పైవాళ్ళు ఒకసారి రాసినదాన్ని కొట్టివేయరు’ అని నేను రాస్తే మీరు ఆఫీసర్లనుకున్నారు.

మీ భాష నాకు ఎవరూ నేర్పలేదు. ఇక్కడి మరణాల రిజిస్టర్లు చదివి నేర్చుకున్నాను. వాటిలో పోయాడు అన్న మాటకు ఒకటే అర్థం ఉంది. మీలో పుట్టిన గుమాస్తా ఎవడైనా మీ ఫారం చూసి ‘ఎక్కడికి పోయాడు?’ అని అడిగేవాడు. నేను సంతాపం రాశాను. ముద్ర కొడుతూనే నాకు తెలుసు, ఆ కాగితం ఇంటికి వెళ్ళాక మావాడెవడూ తట్టుకోలేడు. అయితే అతను చనిపోయాడు కదా, ఇక చదవడు కదా అనుకున్నాను. మీ రెండో ఉత్తరంలో పళ్ళెం బోర్లించాడని చదివినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. ఆ రోజునుంచి నేను నిద్రపోలేదు. ఈ మాట ఇప్పుడు సరిగ్గానే వాడాననుకుంటాను.

బండి గురించి అడిగారు. వస్తుంది. మా ఫారంలో ఇప్పుడు నిద్ర ఉంది. ముఖ్య కార్యాలయానికి వెళ్ళిన నకలులో నిద్ర లేదు. బండి నకలు చూసి నడుస్తుంది. దేహం లేకుండా తిరిగి వెళ్ళదు. మీ గుమ్మంలో ఆగితే తమ్ముణ్ణి ఎక్కించుకుంటారు. నడుస్తున్నాడా, పడుకున్నాడా అని చూడరు. వేళ్ళు లెక్కపెడతారు, పేరు అడగరు.

అందుకని రేపు పొద్దున మా గేటు దగ్గరే నేను ఎక్కుతున్నాను. అక్కడ వాళ్ళకు ఒక దేహం, ఇక్కడ మీకు ఒక నిద్ర. రెండు కాగితాలూ నిజమవుతాయి. తమ్ముడు చెప్పింది ఆకలి మీద కాదక్కయ్యా. తప్పు చెక్కినవాడే నిజం చేయాలి. అతనికి నా నమస్కారం చెప్పండి, నాకు సిగ్గుగా ఉందని కూడా చెప్పండి.

నాకు భయంగా ఉంది. ఇది ఏ గడిలో రాయాలో తెలియక మీకు రాస్తున్నాను. కిందటి నెల బండివాణ్ణి లోపల వెచ్చగా ఉంటుందా అని అడిగాను. నవ్వాడు. కూర్చోవడానికి చోటు లేదట, పడుకోవాలట. కిటికీ లేదు కాబట్టి ఎటు తిరిగినా గోడే. మీరు కుట్టిన కోటు వేసుకుని వెళ్తున్నాను. గుండీలన్నీ పెట్టుకున్నాను.

మూడో పళ్ళెం కొన్నారని రాశారు. ఆ ఒక్క వాక్యం కత్తిరించి జేబులో పెట్టుకున్నాను. దాన్ని బోర్లించకండి.

చివర ‘వెళ్ళొస్తాను’ అని రాయమన్నారు. చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. రాయలేకపోయాను. మావాళ్ళకు అది రాదని మీకు తెలుసు.

ఇట్లు,
మీ మూడో బల్ల

తా.క.: నా ఫారం నేనే నింపి ఇందులో పెట్టాను. కారణం అన్నచోట ‘రాత’ అని రాశాను. స్థితి అన్నచోట ‘పోయాడు’ అని రాశాను, ఈసారి మీ అర్థంలోనే. మీలాగే కుడివైపు చివరకు జరిపి రాశాను. మాటకు ముందు వేలెడు ఖాళీ ఉంది. ముద్ర ఎడమ చేతితొడుగులో చుట్టి పంపాను. నేను అక్కడ ఏమీ రాయలేను, మీరు రాయగలరు.